నికోలా టెస్లా: మీట నొక్కడానికి ముందు

కొత్త యంత్రాన్ని మొదటిసారి నడిపించే రోజు ఏ కర్మాగారంలోనైనా పండుగ రోజే. మోటారుకు పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టేవారు కొందరు, బిస్మిల్లా అని మీట నొక్కేవారు మరికొందరు. మిఠాయి పొట్లాలు సిద్ధంగా ఉంటాయి. యజమాని, అధికారులు, ఆహ్వానితులు చుట్టూ నిలబడతారు. అందరి చూపూ మీట మీదనే ఉంటుంది. అయితే ఆ యంత్రం సవ్యంగా తిరుగుతుందా, కాలిపోతుందా, దగ్గర నిలిచిన మనిషికి ప్రాణహాని కలిగిస్తుందా అన్న విషయం ఆ ఘడియలో నిర్ణయమయ్యేది కాదు. అంతకు ముందు, ఎవరూ చూడని వేళ, ఒక పనివాడు దానిని ఎంత శ్రద్ధగా పరిశీలించాడన్న దానిని బట్టి అది చాలవరకు నిర్ణయమై ఉంటుంది.

ఇటువంటి పండుగ ఒకటి పందొమ్మిదవ శతాబ్దంలో స్ట్రాస్‌బర్గ్ నగరపు రైల్వే స్టేషనులో జరిగింది. ఆ నగరం నేడు ఫ్రాన్సులో ఉన్నా ఆనాడు జర్మన్ సామ్రాజ్యంలో ఉండేది. స్టేషనుకు విద్యుద్దీపాలు అమర్చారు. ప్రారంభోత్సవానికి వృద్ధ చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ స్వయంగా విచ్చేశాడు. తీగల అమరికలో లోపం ఉంది. దానిని ముందుగా ఎవరూ కనిపెట్టలేదు. విద్యుత్తు ప్రవహింపగానే షార్ట్ సర్క్యూట్ ఏర్పడి, చక్రవర్తి కళ్ళ ఎదుటనే ఒక గోడలో పెద్ద భాగం పేలిపోయింది. జర్మన్ ప్రభుత్వం ఆ పనిని స్వీకరించడానికి నిరాకరించింది. నష్టపోయిన ఫ్రెంచి సంస్థ పరిస్థితిని చక్కదిద్దడానికి 1883లో తన ఉద్యోగులలో ఒక యువకుని పంపించింది. ఆ యువకుని పేరు నికోలా టెస్లా. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరు సంవత్సరాలు.

నేడు ప్రపంచ పరిశ్రమలను నడుపుతున్న ఏ.సి. మోటారుకు మూలపురుషులలో ఒకడైన ఈ మహనీయుని జీవితాన్ని, యంత్రాన్ని నడిపే ముందు పరీక్షించడమనే ధర్మం దృష్ట్యా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

టెస్లా 1856 జూలై 9, 10 తేదీల నడుమ అర్ధరాత్రి వేళ స్మిల్యాన్ అనే కుగ్రామంలో జన్మించాడు. ఆనాడు ఆస్ట్రియా సామ్రాజ్యంలో భాగమైన ఆ గ్రామం నేడు క్రొయేషియా దేశంలో ఉంది. తండ్రి మిలుటిన్ సెర్బియన్ క్రైస్తవ శాఖకు చెందిన పురోహితుడు. తల్లి జూకాకు పాఠశాల చదువు లేకపోయినా అసాధారణమైన జ్ఞాపకశక్తి ఉండేది. ఇంటికి కావలసిన చిన్న చిన్న పనిముట్లను ఆమె స్వయంగా రూపొందించేది. తన ఊహాశక్తి తల్లి నుండి సంక్రమించినదేనని టెస్లా జీవితాంతం విశ్వసించాడు.

కుమారుడు తనవలె పురోహితుడు కావాలని తండ్రి కోరిక. కుమారునికేమో యంత్రశాస్త్రం మీద మక్కువ. 1873లో టెస్లాకు కలరా సోకింది. తొమ్మిది నెలలపాటు మంచం పట్టి, వైద్యులు ఆశ వదులుకొన్న దశలో, తాను ఇంజనీరింగు చదవడానికి అనుమతిస్తే బ్రతుకుతానేమోనని తండ్రితో అన్నాడు. తండ్రి మాట ఇచ్చాడు. వ్యాధి నయమైంది. 1875లో ఆయన ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో పాలిటెక్నిక్ విద్యాలయంలో చేరాడు.

అక్కడ జరిగిన ఒక సంఘటన ఆయన జీవిత మార్గాన్ని నిర్దేశించింది. భౌతికశాస్త్రం బోధించే ఆచార్య పెష్ల్ ఒకనాడు తరగతిలో గ్రామ్ డైనమోను మోటారుగా నడిపి చూపించాడు. అది ఏకముఖ ప్రవాహంతో, అనగా డి.సి.తో నడిచే యంత్రం. అందులో తిరిగే భాగానికి విద్యుత్తును అందించడానికి కమ్యుటేటర్ అనే రాగి పలకల వలయం, దానిని రాసుకొంటూ ఉండే బ్రష్షులు ఉంటాయి. బ్రష్షులు ఆ పలకలను తాకినచోట నిప్పురవ్వలు చెలరేగుతున్నాయి. విద్యార్థులందరూ యంత్రం తిరగడాన్ని చూశారు. టెస్లా నిప్పురవ్వలను చూశాడు. ఈ కమ్యుటేటర్ లేకుండానే మోటారును నడపలేమా అని ప్రశ్నించాడు. అది అసాధ్యమని నిరూపించడానికి ఆచార్యుడు ఒక పూర్తి ఉపన్యాసాన్నే వినియోగించాడు. టెస్లా నోటితో అంగీకరించినా మనస్సుతో అంగీకరించలేదు. యంత్రం నడుస్తున్నది కదా అని తృప్తి చెందక, అది ఎక్కడ బాధపడుతున్నదో గమనించే చూపు ఆయనకు విద్యార్థి దశలోనే అలవడింది.

ఆయన గ్రాజ్‌లో పట్టా పుచ్చుకోలేదు. 1879లో తండ్రి మరణించాడు. ప్రేగ్‌లో కొంతకాలం గడిపి, 1881లో బుడాపెస్ట్ చేరి అక్కడి టెలిఫోను సంస్థలో ఉద్యోగం సంపాదించాడు. 1882లో ఒక సాయంకాలం మిత్రుడు ఆంతల్ సిగెటితో కలిసి ఉద్యానవనంలో నడుస్తుండగా, ఏళ్ళ తరబడి వేధించిన సమస్యకు సమాధానం మెరుపువలె స్ఫురించింది. అక్కడనే కర్రపుల్లతో ఇసుకలో చిత్రం గీసి మిత్రునికి వివరించాడు.

ఆ భావన ఇది. మోటారులో కదలని భాగం చుట్టూ తీగచుట్లను వరుసగా అమర్చి, వాటికి ఏకాంతర ప్రవాహాన్ని, అనగా ఏ.సి.ని, ఒకదాని తరువాత ఒకటి కొంత వ్యవధితో పెరిగి తరిగేటట్లు పంపితే, వాటి అయస్కాంత బలం కూడా ఒక చుట్టు నుండి మరొక చుట్టుకు జరుగుతూ పోతుంది. చుట్లు ఉన్నచోటనే ఉంటాయి. అయస్కాంత క్షేత్రం మాత్రం గానుగ చుట్టూ తిరిగే ఎద్దువలె గుండ్రంగా తిరుగుతుంది. నడుమ ఉంచిన లోహపు రోటర్‌లో ఆ క్షేత్రం ప్రేరణ వలన విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు కారణంగా రోటర్ క్షేత్రాన్ని వెంబడించి తిరుగుతుంది. రోటర్‌కు బయటి నుండి తీగ కలపవలసిన పని లేదు. కమ్యుటేటర్ లేదు, బ్రష్షులు లేవు, నిప్పురవ్వలు లేవు.

1882లో టెస్లా పారిస్ చేరి ఎడిసన్ అనుబంధ సంస్థలో పనికి కుదిరాడు. విద్యుత్ కేంద్రాలలో తలెత్తిన లోపాలను సరిదిద్దడం ఆయన పని. స్ట్రాస్‌బర్గ్ బాధ్యత ఆయనకు దక్కడానికి ఒక కారణం ఆయన సామర్థ్యం, మరొక కారణం జర్మన్ భాషా పరిజ్ఞానం. ఫ్రెంచి సంస్థకూ జర్మన్ అధికారులకూ నడుమ నిలిచి మాట్లాడగల ఇంజనీరు కావలసి వచ్చాడు. రెండు భాషల విద్యార్థులు ఒకే ప్రాంగణంలో చదివే మన కళాశాలలో ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది.

స్ట్రాస్‌బర్గ్ అనుభవాలలో ఒకదానిని టెస్లా తరువాతి కాలంలో నవ్వుతూ స్మరించుకొనేవాడు. నడవలో ఒక చిన్న దీపం అమర్చవలసి వచ్చింది. సరియైన చోటు చూసి తీగ వేయమని ఆయన పనివానికి చెప్పాడు. పైఅధికారిని అడగనిదే వీలుకాదన్నాడు పనివాడు. ఆ అధికారి తన పైవానిని అడగాలన్నాడు. ఒకరి తరువాత ఒకరుగా అధికారులు రావడం, చోటును కొద్ది అంగుళాలు అటు ఇటు జరపడం, చర్చించడం, అంతకన్నా పెద్ద అధికారి కోసం వేచి ఉండడం జరిగింది. రోజులు గడిచిన పిమ్మట అత్యున్నతాధికారి విచ్చేసి చాలాసేపు ఆలోచించి, టెస్లా మొదట చూపిన చోటునే ఖాయం చేశాడు. హోదాల వరుస అంతా కదిలి వచ్చినా దీపానికి ఒరిగినదేమీ లేదు. దీపం చోటు కోసం ఇంత విచారణ జరిపిన ఆ స్టేషనులోనే, తీగల లోపం మాత్రం ప్రారంభోత్సవం నాటికి ఎవరి కంటా పడలేదు. సంతకాలు ఎన్ని ఉన్నా, యంత్రం దగ్గరకు వెళ్ళి తీగను తాకి చూసే మనిషి లేకపోతే అది తనిఖీ అనిపించుకోదు.

పగటి పని ముగిసిన తరువాత టెస్లా స్టేషను సమీపాన ఉన్న ఒక చిన్న పనిశాలలో తన తొలి మోటారును స్వహస్తాలతో నిర్మించాడు. ఆయన ఊహాశక్తి విచిత్రమైనది. నమూనా చేయకముందే యంత్రాన్ని మనస్సులో నిలిపి, నడిపి, ఏ భాగం సరిగా లేదో చూడగలనని ఆయన చెప్పుకొనేవాడు. అంతటివాడు కూడా ఊహతో సరిపెట్టుకోలేదు. లోహంతో చేసి, విద్యుత్తు పంపి, సవరించవలసినది సవరించి, 1883 వేసవిలో అది తిరగడాన్ని కళ్ళారా చూశాడు. స్టేషను పనిని పూర్తి చేసి ప్రభుత్వానికి అప్పగించాడు. సంస్థ ఆశ చూపిన పారితోషికం మాత్రం ఆయనకు ముట్టలేదు. మోటారు మీద పెట్టుబడి పెట్టడానికి ఐరోపాలో ఎవరూ ముందుకు రాలేదు.

1884 జూన్‌లో ఆయన న్యూయార్కులో అడుగుపెట్టి ఎడిసన్ కర్మాగారంలో చేరాడు. ఆ రోజులలో ఓరెగాన్ అనే ఓడలోని రెండు డైనమోలు చెడిపోయి ప్రయాణం ఆగిపోయింది. యంత్రాలు అమర్చిన తరువాత పైన ఓడ కట్టడం పూర్తి చేయడం వలన వాటిని బయటకు తీయడానికి వీలులేదు. టెస్లా రాత్రి పరికరాలు పట్టుకొని ఓడలోకి వెళ్ళాడు. చుట్లలో కొన్నిచోట్ల తీగలు తెగిపోయి, మరికొన్నిచోట్ల ఒకదానికొకటి తగిలి షార్ట్ అయి ఉండడం కనిపెట్టి, నావికుల సహాయంతో తెల్లవారేసరికి వాటిని బాగుచేశాడు. చుట్టులో తెగుదల, చుట్ల నడుమ షార్ట్, చుట్టుకూ లోహపు కవచానికీ నడుమ స్పర్శ: ఈ మూడూ నేటికీ మోటారును బలిగొనే లోపాలే. మోటారును నడపక ముందు చేసే విద్యుత్ పరీక్షలన్నీ ఈ మూడింటిని వెదకడానికే.

ఎడిసన్ వద్ద ఆయన కొద్ది నెలలు మాత్రమే ఉన్నాడు. తరువాత ఏర్పడిన సొంత సంస్థ నుండి భాగస్వాములు ఆయనను తొలగించారు. 1886లో బ్రతుకుతెరువు కోసం కందకాలు త్రవ్వే కూలిపని కూడా చేశాడు. 1887 ఏప్రిల్‌లో ఆల్ఫ్రెడ్ బ్రౌన్, చార్లెస్ పెక్ అనే ఇద్దరి ఆర్థిక సహాయంతో న్యూయార్కు లిబర్టీ వీధిలో ప్రయోగశాల ఏర్పడింది. బుడాపెస్ట్ మిత్రుడు సిగెటి ఆయనకు సహాయకుడుగా వచ్చి చేరాడు.

ఇక్కడ ఆయన జీవితంలోని అతి ముఖ్యమైన ఘట్టం వస్తుంది. మోటారు తయారైంది, తిరుగుతున్నది. కాని తయారుచేసినవాడు చెప్పే మాటను లోకం ఎందుకు నమ్మాలి? అందుచేత కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేసి పేరుపొందిన విలియం ఆంథోనీకి మోటార్లను అప్పగించారు. ఆయన వాటిని స్వతంత్రంగా పరీక్షించి, ఇచ్చిన శక్తి ఎంత, తిరిగి వచ్చిన పని ఎంత అని కొలిచాడు. ఆనాటి డి.సి. మోటార్ల సామర్థ్యంతో అవి సరితూగగలవని తేలింది. 1888 మే 1న పేటెంట్లు లభించాయి. మే 16న అమెరికన్ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఎదుట టెస్లా తన చారిత్రాత్మక ఉపన్యాసం ఇచ్చాడు. ఆంథోనీ కూడా ఆ సభలో తన పరీక్షా ఫలితాలను వివరించాడు. అదే సంవత్సరం జార్జి వెస్టింగ్‌హౌస్ ఆ పేటెంట్ల హక్కులను సంపాదించాడు. పరాయివాని పరీక్షకు నిలబడడం వల్లనే ఆ మోటారు ప్రయోగశాల గడప దాటి పరిశ్రమలోకి ప్రవేశించగలిగింది.

ప్రవేశించిన పిమ్మట కూడా కష్టాలు తప్పలేదు. పిట్స్‌బర్గ్‌లో వెస్టింగ్‌హౌస్ సంస్థ దీపాల కోసం వాడుతున్న విద్యుత్తు సెకనుకు సుమారు 133 ఆవృత్తులు గలది. టెస్లా మోటారుకు అంతకంటె తక్కువ ఆవృత్తులు, ఒకటికి మించిన ఫేజులు కావాలి. మోటారులో దోషం లేదు, సరఫరాలోనూ దోషం లేదు. రెండింటికీ పొత్తు కుదరలేదు. టెస్లా సుమారు ఒక సంవత్సరం అక్కడ పనిచేసి వెళ్ళిపోయాడు. చార్లెస్ స్కాట్, బెంజమిన్ లామ్ వంటి ఇంజనీర్లు ఆ పనిని కొనసాగించారు. చివరకు 60 ఆవృత్తులు అమెరికాకు ప్రమాణమయ్యాయి. మన దేశంలో ప్రమాణం 50.

మోటారు మీద బిగించిన చిన్న లోహపు పలకను మొట్టమొదట చదవాలని పెద్దలు చెప్పడానికి కారణం పై చరిత్రలోనే ఉంది. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆవృత్తులు, ఎన్ని ఆంపియర్లు, నిమిషానికి ఎన్ని చుట్లు, స్టార్ కనెక్షనా డెల్టా కనెక్షనా అన్న వివరాలన్నీ ఆ పలక మీద ఉంటాయి. అవి సరఫరాతో సరిపోలకపోతే మిగిలిన పరీక్షలన్నీ వృథా.

పలక చదివిన తరువాత చేయవలసిన పనులను ఒక క్రమంలో చెప్పుకొందాం. తొలి కర్తవ్యం సరఫరాను పూర్తిగా వేరుచేయడం. మెయిన్ స్విచ్చి తీసి, దానికి తాళం వేసి, మనుషులు పనిచేస్తున్నారన్న హెచ్చరిక పలక తగిలించి, తాళంచెవి పనిచేసేవాడే తన జేబులో ఉంచుకోవాలి. అటు పిమ్మట టెస్టర్‌తో విద్యుత్తు లేదని నిర్ధారించుకోవాలి. ఆ టెస్టర్ పనిచేస్తున్నదో లేదో కూడా విద్యుత్తు ఉన్నదని తెలిసినచోట ముందూ వెనుకా పరీక్షించాలి. చెడిపోయిన టెస్టర్ విద్యుత్తు లేదనే చెబుతుంది. దానిని నమ్మినవాడు బ్రతకకపోవచ్చు.

రెండవది కంటితో, చేతితో చేసే తనిఖీ. గిడ్డంగిలో నెలల తరబడి పడివున్న మోటారులో తేమ చేరుతుంది, ఎలుకలు గూళ్ళు కడతాయి, బేరింగులలో గ్రీజు గట్టిపడుతుంది. రవాణాలో కదలకుండా బిగించిన అడ్డుకట్టను తీయడం మరచిపోయిన సందర్భాలూ ఉంటాయి. షాఫ్టును చేతితో త్రిప్పి చూడాలి. ఎక్కడా పట్టకుండా, గరగర శబ్దం లేకుండా తిరగాలి. పునాది బోల్టులు, టెర్మినల్ పెట్టెలోని నట్లు బిగువుగా ఉన్నాయా, కప్లింగ్ సరళరేఖలో ఉన్నదా, దాని మీద రక్షణ తొడుగు ఉన్నదా అన్నవి చూడాలి.

మూడవది ఇన్సులేషన్ పరీక్ష. స్ట్రాస్‌బర్గ్ స్టేషనులో తీగలు అమర్చిన నాటికి ఈ పని కోసం చేతిలో పట్టుకుపోగల పరికరం లేదు. కొన్ని సంవత్సరాల తరువాత ఇంగ్లండులో సిడ్నీ ఎవర్‌షెడ్ దానిని రూపొందించాడు. మెగ్గర్ అన్న పేరుతో నేడు ప్రతి ఎలక్ట్రీషియనూ దానిని ఎరుగును. 415 వోల్టుల మోటారుకు సాధారణంగా 500 వోల్టుల మెగ్గర్ వాడుతారు. సరఫరా తీగలను, ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరాలేవైనా ఉంటే వాటిని విడదీసి, చుట్లకూ లోహపు కవచానికీ నడుమ, టెర్మినల్ పట్టీలు తీసి ఒక ఫేజుకూ మరొక ఫేజుకూ నడుమ, ఒక నిమిషం పాటు కొలవాలి. కిలోవోల్టుల సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చే మెగ్‌ఓమ్‌లు కనీసం ఉండాలన్నది పాత నియమం. నేటి ప్రమాణాల ప్రకారం ఇటువంటి చిన్న మోటార్లకు 40 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద 5 మెగ్‌ఓమ్‌లు కనీసం ఉండాలి. అంతకంటె తక్కువ వస్తే మోటారును ఆరబెట్టి మరల కొలవాలి. ఒకసారి నడిపితే అదే ఆరుతుందిలే అనుకోవడం ప్రమాదకరం. పరీక్ష ముగియగానే చుట్లలో నిలిచిన విద్యుదావేశాన్ని ఎర్తుకు కలిపి పోగొట్టిన తరువాతనే చేయి పెట్టాలి. మూడు ఫేజుల చుట్ల నిరోధాన్ని కూడా కొలవాలి. అవి సమానంగా లేకపోతే ఎక్కడో తెగుదల గాని, చుట్ల నడుమ షార్ట్ గాని ఉన్నదని అనుమానించాలి. ఓరెగాన్ ఓడలో టెస్లా రాత్రంతా వెదకినవి ఈ లోపాలే.

నాల్గవది ఎర్తు. మన దేశపు విద్యుత్ నిబంధనలు ఇటువంటి స్థిర మోటారు కవచానికి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలని శాసిస్తున్నాయి. ఒకటి తుప్పు పట్టి తెగినా రెండవది మనిషి ప్రాణం కాపాడుతుంది. దీనితోపాటు ఫ్యూజులు తగినవేనా, ఓవర్‌లోడ్ రిలే మోటారు పలక మీది ఆంపియర్లకు సరిపడా అమర్చబడిందా అన్నది చూడాలి.

ఇవన్నీ అయిన తరువాత, యంత్రానికి తగిలించకుండా, మనుషులను దూరంగా నిలిపి, మోటారును క్షణకాలం నడిపి ఆపాలి. తిరిగే దిశ సరియైనదేనా అన్నది ఇప్పుడు తెలుస్తుంది. వ్యతిరేక దిశలో తిరిగితే సరఫరాను తిరిగి తీసివేసి మూడు తీగలలో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే చాలు. ఎందుకనగా ఫేజుల వరుస మారగానే గానుగ ఎద్దు వెనుదిరిగినట్లు అయస్కాంత క్షేత్రం ఎదురు దిశలో తిరుగుతుంది. టెస్లా ఇసుకలో గీసిన చిత్రం అర్థమైనవానికి ఈ చిట్కాను కంఠస్థం చేయవలసిన అవసరం లేదు. అటు పిమ్మట భారం లేకుండా కొంతసేపు నడిపి, మూడు ఫేజుల ఆంపియర్లు సమంగా ఉన్నాయా, బేరింగులు వేడెక్కుతున్నాయా, వణుకు గాని వింత శబ్దం గాని ఉన్నదా అని గమనించి, చివరకు భారం తగిలించాలి. కొబ్బరికాయ కొట్టడానికి అప్పుడే ముహూర్తం.

తిరిగి టెస్లా కథకు వస్తాం. భ్రమణ క్షేత్రం ఆయన ఒక్కని సొత్తు అనడం న్యాయం కాదు. ఇటలీలో గెలిలియో ఫెరారిస్ స్వతంత్రంగా అదే సూత్రాన్ని కనుగొని 1888 మార్చిలో ప్రకటించాడు. జర్మనీలో పనిచేసిన రష్యన్ ఇంజనీరు దొలివో దొబ్రొవోల్‌స్కీ 1889లో నేటి రూపానికి దగ్గరైన మూడు ఫేజుల మోటారును తయారుచేశాడు. 1891లో లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్ట్ వరకు 175 కిలోమీటర్ల దూరం మూడు ఫేజుల విద్యుత్తు పంపబడింది. అయినా 1893 చికాగో ప్రదర్శనలోను, 1895లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన నయాగరా జలవిద్యుత్ కేంద్రంలోను విజయం సాధించిన వెస్టింగ్‌హౌస్ పద్ధతికి మూలం టెస్లా పేటెంట్లే. 1896 నవంబరులో నయాగరా విద్యుత్తు బఫెలో నగరానికి చేరింది.

ఆ తరువాతి జీవితం విషాదభరితం. 1895 మార్చిలో ఆయన ప్రయోగశాల అగ్నికి ఆహుతైంది. 1899లో కొలరాడో స్ప్రింగ్స్‌లో తీగల అవసరం లేకుండా శక్తిని పంపడం మీద బృహత్ప్రయోగాలు చేశాడు. 1901లో జె.పి. మోర్గన్ ఇచ్చిన 1,50,000 డాలర్లతో వార్డెన్‌క్లిఫ్‌లో 187 అడుగుల గోపురం తలపెట్టాడు. ఆ సంవత్సరం డిసెంబరులోనే మార్కోని అంతకంటె సులభమైన సాధనాలతో అట్లాంటిక్ దాటి సంకేతం పంపాడు. మోర్గన్ మరింత ధనం ఇవ్వడానికి నిరాకరించాడు. పని నిలిచిపోయింది, 1917లో గోపురాన్ని కూల్చివేశారు.

ఈ వైఫల్యానికి ధనాభావమే కారణమని ఆయన అభిమానులు అంటారు. అది కొంతవరకు నిజం. అయితే మోటారు విషయంలో నడిచిన దారికీ, ఇక్కడ నడిచిన దారికీ తేడా కనిపిస్తున్నది. మోటారును చిన్నదిగా చేసి, నడిపి, ఆంథోనీ చేతికి ఇచ్చి కొలిపించారు. కొలరాడో ప్రయోగాలను అలా స్వతంత్ర పరీక్షకు పెట్టలేదు. ఆయన అక్కడ వ్రాసుకొన్న దినచర్య ఆయన మరణానంతరం 1978లో గాని బెల్‌గ్రేడ్‌లో పుస్తకంగా వెలువడలేదు. దూరంగా ఉన్నవారికి శక్తి చేరుతుందని ఆయనకు నమ్మకం కలిగింది. ఆ నమ్మకాన్ని మరొకరు కొలిచి చూడకముందే మహాగోపురానికి పునాది పడింది. ఎంతటి మేధావి విషయంలోనైనా పరీక్షకు మినహాయింపు లేదని ఆయన జయాపజయాలు రెండూ చెబుతున్నాయి.

1917లో ఆయనకు ఎడిసన్ పతకం లభించింది. వివాహం చేసుకోలేదు. చివరి సంవత్సరాలు హోటలు గదులలో, పావురాలకు గింజలు వేస్తూ, ఋణభారంతో గడిచాయి. 1943 జనవరి 7న న్యూయార్కులోని హోటలు గదిలో ఎనభై ఆరవ ఏట కన్నుమూశాడు. 1960లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ అయస్కాంత అభివాహ సాంద్రతకు కొలమానంగా టెస్లా అన్న పేరును స్వీకరించింది. జీవితమంతా కంటికి కనిపించని క్షేత్రాన్ని ఊహించినవాని పేరు ఒక కొలత పేరుగా నిలవడం సముచితం.

మన పల్లెలలో బోరుబావుల మీద నడిచే మూడు ఫేజుల మోటార్లన్నీ ఆ సూత్రం మీద నడిచేవే. మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు మోటారును నడపబోతే అది మూలుగుతుందే గాని తిరగదు. ఉన్న రెండు తీగలతో భ్రమణ క్షేత్రం ఏర్పడదు. రక్షణ సాధనం లేకపోతే కొద్ది నిమిషాలలో చుట్లు మాడిపోతాయి. ఒక రైతు కుటుంబానికి అది ఒక పంటకాలపు నీరు, రీవైండింగుకు చేసిన అప్పు. ఎర్తు లేని స్టార్టర్ పెట్టెను తడిచేతితో తాకినవానికైతే ప్రాణమే మూల్యం.

విద్యార్థి మిత్రులారా, మీలో కొందరు రేపు కర్మాగారాలలో, సబ్ స్టేషన్లలో, సొంత పనిశాలలలో యంత్రాల ఎదుట నిలబడతారు. ఆహ్వానితులు వచ్చి కూర్చున్నారని, యజమాని తొందరపెడుతున్నాడని, మెగ్గర్ తీయకుండానే మీట నొక్కమని ఎవరో అంటారు. ఆ క్షణాన స్ట్రాస్‌బర్గ్ స్టేషను గోడ జ్ఞాపకం రావాలి. చక్రవర్తి వచ్చి నిలిచినా తీగలోని లోపం తొలగలేదు. పరీక్ష ముగిసేవరకు తాళంచెవి మీ జేబులోనే ఉండనివ్వండి.